దీపం లేని ఊళ్లు, ఆగని రైళ్లు

తెలంగాణ పాత రెవెన్యూ కాగితాల్లో కొన్ని ఊళ్ల పేర్ల పక్కన ఒక మాట కనిపిస్తుంది: బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ మిగలని ఊరు బేచిరాగ్. జనం నోట అది బేచిరాక్ అయింది. అలాంటి ఊరికి సర్వే నంబర్లుంటాయి, హద్దు రాళ్లుంటాయి, శిస్తు లెక్క ఉంటుంది. పక్క ఊళ్ల రైతులు పొద్దున వచ్చి దున్నుకుని చీకటి పడేలోపు వెళ్లిపోతారు. మనిషి మాత్రం ఉండడు. ఏ గుమాస్తా కలం నుంచి మొదట జారిందో గానీ, ఇంత పొదుపైన సంతాప వాక్యం ప్రభుత్వ కాగితాల్లో ఇంకొకటి దొరకదు.

కోస్తా జిల్లాల్లో ఇదే సంగతిని పాటిదిబ్బ చెబుతుంది. చేల మధ్య కాస్త ఎత్తుగా, బూడిద రంగు మట్టితో, నాగలి తగిలితే కుండ పెంకులు లేచే చోటు అది. ఒకప్పటి ఊరు అక్కడే. పాటిమన్ను సత్తువైనదని రైతులు బళ్లకెత్తి తోలుకెళ్లి పొలాలకు వేసుకునేవాళ్లు. అంటే తాతల వంటిళ్లు, పశువుల కొట్టాలు, పెంటపోగులు మనవళ్ల వరి మళ్లలో కలిసిపోయాయి. ఇప్పుడు ఆ దిబ్బల్లో చాలావాటిని జేసీబీలు చదును చేసేశాయి. ఊరి పేరు తెలిసిన ముసలివాళ్లు కూడా తగ్గిపోతున్నారు.

2011 జనగణన ప్రకారం దేశంలో 6.4 లక్షల గ్రామాలున్నాయి. వాటిలో 43 వేలకు పైగా నిర్జన గ్రామాలు. అన్నీ పాడుబడ్డవే అనుకోనక్కర్లేదు. కొన్ని మొదటి నుంచీ అడవులు, కొన్ని బీళ్లు. కానీ చాలావాటిలో ఒకప్పుడు పొయ్యి వెలిగింది. జనాభా గడిలో సున్నా ఉన్నా జనగణన పుస్తకం ఆ ఊరికి కోడ్ నంబరు మాత్రం తీసేయదు. మనిషి మరిచిపోయిన పేరును లెక్కల పుస్తకం మోస్తూ వస్తోంది.

అసలు విషయం అక్కడే ఉంది. చిన్న ఊరి చరిత్ర చరిత్ర పుస్తకంలో దొరకదు. రాజుగారు అక్కడ విడిది చేసి ఉంటేనో, యుద్ధం జరిగి ఉంటేనో ఒక వాక్యం దక్కుతుంది. మిగతాదంతా ఎవరో ఇంకేదో పని కోసం రాసిపెట్టుకున్న కాగితాల్లో ఉంటుంది: శిస్తు వసూలుకు రాసిన అడంగల్‌లో, సరుకు రవాణాకు అచ్చువేసిన ఛార్జీల పట్టీలో, రైళ్ల టైంటేబుల్‌లో, చర్చి బాప్తిస్మ పుస్తకంలో, నష్టపరిహారం జాబితాలో. వీటిని చరిత్ర అని ఎవరూ అనుకోరు. అందుకే ముందు చెదలు పట్టేవీ, ముందు తూకానికి వెళ్లేవీ ఇవే.

రైలు రాకముందు తెలుగు నేల మీద మజిలీల లెక్క చూడాలంటే ఏనుగుల వీరాస్వామయ్యను మించిన దారి చూపరి లేడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఈ పెద్దమనిషి 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దక్షిణాదిన రాయపురం నుంచి తొలి రైలు కదలడానికి ఇంకా పాతికేళ్ల వ్యవధి ఉంది. దారి పొడుగునా ఏ ఊళ్లో దిగాడో, అక్కడ అంగళ్లున్నాయో లేదో, నీళ్లు ఎలాంటివో, తలదాచుకోవడానికి చోటు దొరికిందో లేదో రాసుకుంటూ పోయాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను 1941లో దిగవల్లి వేంకటశివరావు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. భక్తికోసం చదివేవాళ్లు భక్తికోసం చదవచ్చు. పటం పక్కన పెట్టుకుని చదివితే అది 1830 నాటి ఊళ్ల పట్టీ. బోయీలూ సామాన్ల బళ్లూ ఒక పగటిలో నడవగలిగిన దూరానికి ఒక ఊరు బతికింది. నడక పోయాక ఆ దూరానికి అర్థం లేకుండా పోయింది, ఆ ఊరికి అంగడీ లేకుండా పోయింది.

ఆయన తిరుగు ప్రయాణంలో కోస్తా జిల్లాల మీదుగా మద్రాసు చేరిన ఏడాదికే గుంటూరు సీమను నందన కరువు మింగేసింది. 1832-33లో వచ్చిన ఆ కరువుకు దాదాపు 5 లక్షల జనాభాలో 2 లక్షల దాకా పోయారని ఆనాటి అంచనా. చచ్చినవాళ్లు చావగా బతికినవాళ్లు వలసపోయారు. ఆ జిల్లాలో పాటిదిబ్బల వయసు తేల్చేవాళ్లు ఈ సంవత్సరాన్ని దాటవేయలేరు. 1816లో పిండారీ దోపిడీ మూకలు గుంటూరు మీద పడ్డ దెబ్బ ఇంకా మానక ముందే ఇది వచ్చింది. సముద్రం చేసిన పని మరొకటి: 1839 నవంబరు తుపానుకు కోరంగి రేవు కోలుకోలేకపోయింది. ఓడలు కట్టిన ఊరు పల్లెగా మిగిలింది. దాని పేరు మాత్రం బంగాళాఖాతం దాటి బతికింది. బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలు అని పిలిచేవారు.

వీరాస్వామయ్యకన్నా ముందు కర్నల్ కాలిన్ మెకంజీ ఉన్నాడు. సర్వే అధికారి, తర్వాత 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్. కొలత గొలుసుతో పాటు కథల మీదా ఆయనకు మోజు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ముల సాయంతో ఊరూరా కరణాల దగ్గరున్న కవిలెకట్టల నుంచి కైఫీయత్తులు రాయించాడు. ఊరు ఎవరు కట్టారు, ఏ చెరువు కింద కట్టారు, ఎందుకు పాడైంది, మళ్లీ ఎవరు తెచ్చి నిలబెట్టారు, గుడి మాన్యం ఎంత, పొలిమేర ఎక్కడ అన్నవి వాటిలో ఉంటాయి. మెకంజీ 1821లో పోయాడు. ఆ కాగితాలు శిథిలమవుతుంటే సీపీ బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫీయత్తులు అచ్చయి చదవడానికి దొరుకుతున్నాయంటే ఆ నకళ్ల పుణ్యమే. కైఫీయత్తులో పుక్కిటి పురాణం ఉంటుంది, కరణం తన వంశాన్ని పొగుడుకున్న సందర్భాలూ ఉంటాయి. వాటిని వడగట్టుకోవడం చదివేవాడి పని. వడగట్టాక మిగిలే పొలిమేరలు మాత్రం నమ్మదగినవి. పొలిమేర తగాదాలో అబద్ధమాడితే పక్క ఊరి కరణం ఊరుకోడు మరి.

ఆ తర్వాత రైలు వచ్చింది. ఊళ్ల తలరాతలు పట్టాలు వేసే ఇంజనీరు చేతిలోకి వెళ్లాయి. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మొదలైంది. 1889కల్లా అది బెజవాడ చేరింది. మధ్యలో డోర్నకల్ దగ్గర బొగ్గు కోసం ఒక కొమ్మ చీలింది. భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల మొదట్లో ఇల్లెందు ప్రాంతంలో కనిపెట్టిన బొగ్గుకు పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరు అంటుకుంది. ఆ పేరుతోనే 1920లో కంపెనీ ఏర్పడింది. ఇవాళ సింగరేణి అంటే కొత్తగూడెం ఆఫీసు గుర్తొస్తుంది, గోదావరిఖని గనులు గుర్తొస్తాయి. అసలు సింగరేణి ఖమ్మం జిల్లా కారేపల్లి పక్కన ఒక మామూలు పల్లె. మండలం పేరు సింగరేణి, మండల కేంద్రం కారేపల్లి. పేరంతా కంపెనీకి పోయి, ఊరు తన పేరును తానే వివరించుకోవాల్సిన స్థితిలో పడింది.

పేరు దానం చేసిన ఊరు అది. పేరు పోగొట్టుకున్న ఊళ్లూ ఉన్నాయి. స్టేషన్ పేరు చివర 'రోడ్' అని కనిపిస్తే జాగ్రత్తపడాలి. ఆ ఊరు అక్కడ లేదని, అక్కడ దిగి రోడ్డు పట్టుకుని పోవాలని దాని అర్థం. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి దర్శనానికి ఇంకో 40 కిలోమీటర్లు వెళ్లాలి, గోదావరి దాటాలి. శ్రీకాకుళం రోడ్ ఉన్నది ఆమదాలవలసలో. పాత టైంటేబుళ్లలో దాని పేరు చికాకోల్ రోడ్. ఉత్తరాంధ్రలో వలస అనే తోకతో ఊళ్లు కొల్లలు. ఎక్కడి నుంచో వలస వచ్చి కట్టుకున్నారన్న చరిత్ర ఆ ఒక్క మాటలోనే ఉంది. రైల్వే బోర్డు మీద ఆ మాటకు చోటు దొరకలేదు. పరిశోధకుడు 'ఆమదాలవలస' అని వెతికితే పాత రైల్వే పుస్తకంలో ఏమీ దొరకదు. 'చికాకోల్' అని వెతకాలని తెలిసినవాడికే తలుపు తెరుచుకుంటుంది. ఇలాగే ఏలూరు ఎల్లోర్‌లో, కాకినాడ కోకనాడలో దాక్కున్నాయి. పెద్ద ఊళ్లకే ఈ గతి పడితే ఆ మధ్యనున్న పల్లెల పేర్లను దొరల చెవి ఎలా విన్నదో, టైపు కూర్చినవాడి చెయ్యి ఎలా వంచిందో ఊహించుకోవచ్చు.

పాత టైంటేబుల్ ఒక పేజీ తెరిచి చూడాలి. కలకత్తా నుంచి వెలువడే న్యూమన్ వారి ఇండియన్ బ్రాడ్‌షా వంటిది. ఎడమ పక్కన మైళ్ల గడి. దాని వెంట పై నుంచి కిందికి స్టేషన్ల పేర్లు. ఆ తర్వాత నిలువు గళ్లలో బండ్ల వేళలు. మెయిల్ గడిలో చిన్న స్టేషన్ల ఎదురుగా అంకెలుండవు, ఆగదు కాబట్టి. ప్యాసింజర్ గడిలో ప్రతి పేరుకూ వేళ ఉంటుంది. కొన్నింటి పక్కన చిన్న గుర్తు: ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే బండి ఆగుతుందని. పేజీ కింద సన్నటి అక్షరాల్లో ఆ గుర్తు అర్థం. వెతికేవాడికి పంట ఆ సన్నటి అక్షరాల్లోనే పండుతుంది. ఇరవై ఏళ్ల తేడాతో రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి మైళ్ల గడిలోని అంకెలను పోల్చితే, ఒక దాంట్లో ఉన్న మైలు రెండో దాంట్లో ఉండదు. రెండు స్టేషన్ల మధ్య దూరం హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తుంది. నేల సాగలేదు, మధ్యలో ఒక స్టాపు పోయిందంతే.

ఆ మైలు సంఖ్య పట్టుకుని సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపు తీస్తే అక్కడ ఒక బావి, నాలుగు చుక్కల ఇళ్లు, రైలు గీత మీద ఒక చిన్న గడి కనిపించవచ్చు. గ్రామ డైగ్లాట్ తీస్తే ఏ సర్వే నంబరు రైల్వేకు పోయిందో కనిపిస్తుంది. ఇంగ్లిషులోనూ తెలుగులోనూ పక్కపక్కన రాసిన సెటిల్‌మెంట్ రిజిస్టరు కాబట్టి డైగ్లాట్ అన్నారు. పేర్ల అసలు ఉచ్చారణ తేల్చడానికి దానికన్నా మంచి సాక్షి లేదు. మూడు కాగితాలు ఒకే చోటికి వేలు చూపిస్తే అప్పుడు బండి కట్టుకుని ఆ ఊరికి వెళ్లాలి.

కాకినాడ–కోటిపల్లి లైను ఈ విద్యకు మంచి పాఠం. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. దేశమంతటా యుద్ధ అవసరాల కోసం చిన్న చిన్న బ్రాంచి లైన్లు పీకేస్తున్న రోజులు. 1940లో ఇదీ పోయింది. పన్నెండేళ్ల రైలు. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డుకు వెళ్లిన దారి అది. ద్రాక్షారామ భీమేశ్వరుడి దగ్గరికి రైల్లో వెళ్లామని ముసలివాళ్లు చెబితే పిల్లలు నవ్వుకున్న కాలం ఒకటి గడిచింది. 1955 నాటి టైంటేబుల్ చూసినవాడు అక్కడ రైలే లేదంటాడు, 1935 నాటిది చూసినవాడు ఉందంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జీఎంసీ బాలయోగి పూనుకున్నాక ఆ దారికి మళ్లీ ఊపిరి వచ్చింది. ఆయన 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004లో రైలు తిరిగి నడిచింది. 64 ఏళ్ల తర్వాత. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని ఆ రైలెక్కిన పసివాడు రెండోసారి ఎక్కేనాటికి డెబ్బై ఏళ్లకు దగ్గరపడి ఉంటాడు.

పైన శ్రీకాకుళం జిల్లాలో నౌపడ నుంచి పర్లాకిమిడికి వెళ్లిన రైలు కథ ఇంకో రకం. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న పట్టాల దారి అది. 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా సాగింది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు ఉన్నాయి. లైను వేసిన రోజున లేని సరిహద్దు దాని మీదుగా నడిచింది. ఇప్పుడు ఆ దారిలోని ఒక చిన్న స్టాపు సంగతి కావాలంటే జమీందారీ కాగితాలు ఒక చోట, బెంగాల్ నాగపూర్ రైల్వే కాగితాలు ఇంకో చోట, 1936కు ముందరి మద్రాసు ప్రభుత్వ కాగితాలు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. చిన్న రైలు 2004లో ఆగి, తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. పట్టాలు వెడల్పయ్యాయి, కాగితాలు మాత్రం చెల్లాచెదురుగానే ఉన్నాయి.

జిల్లాల గొడవ దీనికి తోడు. భద్రాచలాన్నే తీసుకోవాలి. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారి చేతికి వచ్చి ఎగువ గోదావరి జిల్లాగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. 1959లో ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, పట్నం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయింది. ఆ గోదావరి గట్టున ఒక పల్లె పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే నాగపూర్ నుంచి చెన్నై దాకా, రాజమండ్రి నుంచి ఖమ్మం దాకా తిరగాలి. మాచర్ల దిక్కునున్న పల్లెకూ ఇదే తిప్పలు: 1859 దాకా గుంటూరు, తర్వాత కృష్ణా, 1904 నుంచి మళ్లీ గుంటూరు, 2022 నుంచి పల్నాడు. ఊరు అంగుళం కదల్లేదు, దస్త్రం మాత్రం నాలుగు కచేరీలు తిరిగింది.

ఇంతా చేసి దొరికేది ఎవరి ఊరు? ఈ ప్రశ్న వేయకపోతే వెతుకులాట సగమే. రెవెన్యూ పుస్తకం శిస్తు కట్టే భూమిని చూస్తుంది, రైల్వే పుస్తకం టికెట్టునూ సరుకునూ చూస్తుంది. లంబాడీ తండా రెవెన్యూ గ్రామం కాదు, ఏదో ఒక గ్రామానికి శివారు. అందుకని పాత పట్టీల్లో దాని పేరు రాదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. నిన్నటి దాకా కాగితంలో లేనివి ఇవాళ సర్పంచి సంతకంతో కాగితం ఇస్తున్నాయి. దళితవాడల సంగతీ అంతే. వాటి జాడ చాలాచోట్ల దొరికేది మిషన్ రికార్డుల్లో. డోర్నకల్ రైలు జంక్షన్‌గా ఎదిగిన చిన్న ఊరు. అక్కడికి వచ్చిన వీఎస్ అజరయ్య 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అలాంటి మిషన్ల బాప్తిస్మ పుస్తకాల్లో తారీఖు, తండ్రి పేరు, పల్లె పేరు ఉంటాయి. తహసీల్దారు కంటికి కనపడని మనిషి పాదిరి పుస్తకంలో పేరుతో కనిపిస్తాడు.

రైలే పుట్టించిన సమాజాలు కూడా ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాల వల్ల తెలుగు అక్కడ వీధి భాష అయింది. వీవీ గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఆ రైల్వే కార్మికుల మధ్యనే. ఆ ఇళ్లలో సొంతూరి పేరు సర్వీసు పుస్తకంలో ఒక గడిగా మాత్రమే మిగిలింది.

నీళ్ల కింది ఊళ్ల సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. నాగార్జునకొండ లోయలో 1926లో ఇక్ష్వాకుల నాటి శిథిలాలు బయటపడ్డాయి. ఆ శిథిలాల మధ్య పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. మునిగేలోపు లోయనంతా తవ్వాలని పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా పనిచేసింది. 3వ శతాబ్దపు విహారాలను ఇటుక ఇటుకా కొలిచి, కొన్నింటిని ఎత్తుకెళ్లి కొండ మీద తిరిగి కట్టారు. ఆ పని గొప్పదే, సందేహం లేదు. కానీ అదే లోయలో అదే నీళ్లకు పోయిన 20వ శతాబ్దపు పల్లెలకు మ్యూజియం లేదు. వాటి చిత్తరువు భూసేకరణ దస్త్రాల్లో ఉంది. ఎవరి పెరట్లో ఎన్ని చింత చెట్లు, బావి లోతెంత, గోడ మట్టిదా రాతిదా, కప్పు తాటాకా పెంకా అన్నది పరిహారం కోసం లెక్కగట్టి రాశారు. ఊరిని అంత నిశితంగా చూసినవాడు అంతకు ముందు లేడు. చూసింది చంపడానికి ముందు.

పోలవరం కింద ఇప్పుడు జరుగుతున్నదీ అదే. 370కి పైగా ఆవాసాలు పోయే ప్రాజెక్టు. కోయలు, కొండరెడ్లు ఎక్కువగా ఉన్న గూడేలవి. సర్వే అయింది, జాబితాలున్నాయి, కాలనీలు కడుతున్నారు. ఆ జాబితాలను పరిహారం చెల్లింపుతో పని అయిపోయిన కాగితాలుగా చూడకుండా, గూడెం పేరు ఎలా వచ్చింది, ఏ వాగు పక్కన ఏ దేవత ఉంది అన్నవి కూడా చేర్చి పదిలపరచడానికి కావలసింది పెద్ద బడ్జెట్ కాదు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక రికార్డరు, కాస్త ఓపిక చాలు. ఎనభై ఏళ్ల మనిషి పునరావాస కాలనీలో అరుగు మీద కూర్చుని ఉన్నంతవరకే ఆ పని కుదురుతుంది.

రైళ్ల విషయంలోనూ ఇదే తొందర ఉంది. 2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి కరోనా కారణంగా ప్యాసింజర్ రైళ్లు దేశమంతా ఆగిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు చాలా ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో వచ్చాయి. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది, 2024లో గానీ మళ్లీ తగ్గలేదు. కొన్ని హాల్టుల్లో స్టాపులు తిరిగి రాలేదు. కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు, ఒక రేకుల షెడ్డు, రెండు సిమెంటు బల్లలు, సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసిన పసుప్పచ్చ బోర్డు ఉంటే చాలు, అది హాల్టు. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు దాని వ్యాపారం. ఆదాయం చాలదని మూసేయడం రైల్వే హక్కే కావచ్చు. ఇక్కడ గొడవ దాని గురించి కాదు. వంద ఏళ్ల కిందట పోయిన స్టాపు జాడ పాత బ్రాడ్‌షాలో దొరుకుతుంది, కరోనా వేళ పోయిన హాల్టు జాడ మాత్రం దొరకదు. వెబ్‌సైట్ ఈ రోజు బండిని చూపిస్తుంది, నిన్నటిది చెరిపేస్తుంది.

చట్టం లేదా అంటే, ఉంది. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తుంది, రైల్వే అందులో భాగమే. పాతికేళ్లు దాటిన దస్త్రాన్ని పరిశీలించకుండా తీసిపారేయకూడదు. 1892కు ముందరి కాగితం దాదాపుగా ముట్టుకోకూడనిది. బెజవాడ లైను, వాడి లైను వేసిన నాటి కాగితాలు ఆ గీతకు ముందరివే. రాష్ట్రాల రెవెన్యూ దస్త్రాలకు ఈ చట్టం నేరుగా వర్తించదు. అక్కడే కన్నం పడింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవాల్సిందే, పోయింది. దాంతో పాటు అటకల మీదున్న పాత లెక్కలు కూడా చాలాచోట్ల గాలికి పోయాయి. తెలంగాణలో ఇంకో చిక్కు: నిజాం కాలపు సాగు లెక్కల పహాణీ ఉర్దూలో ఉంటుంది, దాన్ని చదవగలిగిన ఉద్యోగి తహసీల్దారు కార్యాలయంలో దొరకడం కష్టం. తార్నాక ఆర్కైవ్స్‌లో ఫార్సీ, ఉర్దూ కట్టలు కొండలా ఉన్నాయి, చదివే కళ్లు తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర మొదలైన రీసర్వేతో పొలాలకు కొత్త పటాలు వస్తున్నాయి. రావాలి కూడా. అయితే కొత్త పటం వచ్చిందని పాత పొలాల కొలతల పుస్తకాన్ని (ఎఫ్ఎంబీ), డైగ్లాట్‌ను మూలన పడేస్తే, పొలం ఉంటుంది గానీ దాని పాత పేరు ఉండదు. వాటిని స్కాన్ చేసి జిల్లాకొక చోట అందరికీ కనపడేలా పెట్టాలి. దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది. దాని కిందికి వచ్చిన పాత కంపెనీల టైంటేబుళ్లు, మూసిన స్టేషన్ల పట్టీ, తేదీలతో సహా ఒక పుస్తకంగా తీసుకురావడం ఆ సంస్థకు గోరంత పని. తమ ఊరి హాల్టు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో తెలుసుకోవడానికి ఏ డిగ్రీ విద్యార్థీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాల్సిన అవసరం ఉండకూడదు.

ఈలోపు చదువరి చేయగలిగిన పని ఒకటుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీద తాతగారి ట్రంకు పెట్టె ఉంటే, పాత కాగితాలవాడికి వేసేముందు ఒకసారి తెరవండి. శిస్తు రసీదు, గూడ్స్ షెడ్డు రసీదు, అట్ట టికెట్టు, పెళ్లి శుభలేఖలో 'రైలు దిగవలసిన స్టేషను' అని వేసిన వాక్యం, ఏది దొరికినా ఫొటో తీసి, ఊరు పేరు, తారీఖు రాసి దగ్గరి గ్రంథాలయంలో ఒక ప్రతి ఇవ్వండి.